పైత్యం దానపత్రం

ఆ రోజు పొద్దున నిదానమ్మ వేసుకున్న పథకంలో తొందరపడాల్సిన పని ఒక్కటీ లేదు. ఎనిమిదిన్నరకి ఇల్లు కదలాలి. తొమ్మిదికి ల్యాబు చేరాలి. నిన్న సాయంత్రం నుంచీ బల్ల మీద కదలకుండా కూర్చున్న సీసాలోంచి పై పొరని సన్నటి గొట్టంతో మెల్లగా పీల్చుకోవాలి. పదకొండుకి పెద్దమేడం వచ్చేసరికి దాన్ని కాంతి యంత్రంలో పెట్టి గీత చూపించాలి. పీల్చడం అనే ఒక్క పనికే ఆవిడ గంటన్నర కేటాయించుకుంది. ఆ పేరు ఆవిడకి ఎందుకొచ్చిందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

అసలు పేరు జీతం కాగితాల మీద ఉంది. దాంతో ఎవరికీ పని పడలేదు. నిదానమ్మ అన్న పేరు ఇంట్లో అత్తగారు పెట్టింది, ల్యాబువాళ్ళు అందుకున్నారు. దగ్గుమందు సీసాని అందరూ నాలుగుసార్లు ఊపి మూత తీస్తారు. నిదానమ్మ మాత్రం చంటిపిల్లని ఒళ్ళో జోకొట్టినట్టు సీసాని పక్కకి వంచి, నిలబెట్టి, మళ్ళీ వంచేది. అది పూర్తయ్యేలోగా అత్తగారి దగ్గు దానంతటదే తగ్గిపోయేది. ఇది పుట్టుకతో వచ్చిన బుద్ధి కాదు. ల్యాబులో చేరిన మొదటి వారంలో ఆవిడ కూడా అందరిలాగే ఒక సీసాని గట్టిగా ఊపింది. అది నురగెత్తి, మూత తన్నుకుని, బల్ల దాటి, పక్కన కూర్చున్న సీనియర్ ఒళ్ళోకి చేరింది. ఇక జన్మలో ఏ సీసానీ ఊపనని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. నాలుగేళ్ళుగా ఆ ఒట్టు మీదే ఉంది.

ఆవిడ చేసే పని పేరు పెద్దదే గానీ సంగతి చిన్నది. బొగ్గులో ఉండే కార్బన్‌ని పల్చటి రేకుగా చేసి చాపలా చుడితే గొట్టం అవుతుంది. ఎంత సన్నం అంటే, వెంట్రుకని నిలువునా లక్ష పాయలుగా చీల్చగలిగితే అందులో ఒక పాయంత. చాపని తిన్నగా చుడితే ఒక రకం, ఏటవాలుగా చుడితే ఇంకో రకం. రకాన్ని బట్టి రంగు మారుతుంది, కరెంటు పారే తీరు మారుతుంది. తయారుచేసే కొలిమికి ఇవేమీ పట్టవు. అది అన్ని రకాలూ కలిపి ఇంత నల్లటి మసి చేతిలో పోసి ఊరుకుంటుంది. అందులోంచి ఊదారంగు రకం ఒక్కదాన్నే ఏరడం నిదానమ్మ ఉద్యోగం.

చేత్తో ఏరేవి కావు కాబట్టి సబ్బుతో ఏరుతారు. ఒకటి మామూలు సబ్బు జాతిది. రెండోది పైత్యరసంలో ఉండే ఉప్పు, మనం తిన్న నూనెనీ నేతినీ కడుపులో కడిగేది అదే. ఈ రెండూ కలిసి గొట్టాలకి తొడుగులా పట్టుకుంటాయి, ఒక్కో రకానికి ఒక్కో తీరుగా. అదే నీళ్ళలో ఒకదానితో ఒకటి పొసగని రెండు జిగురు పదార్థాలు వేస్తే ఒక్క సీసాలోనే నీళ్ళు రెండు పొరలుగా విడిపోతాయి, వేరు కాపురం పెట్టిన తోడికోడళ్ళలాగా. తొడుగుని బట్టి కొన్ని గొట్టాలు పై వాటాకి పోతాయి, కొన్ని కింది వాటాలో ఉండిపోతాయి. సబ్బుల పాళ్ళు సరిగ్గా కుదిరితే ఊదారంగు రకం ఒక్కటే పైకి రావాలి.

రావాలి మరి. నాలుగేళ్ళలో ఎప్పుడూ నూటికి ఎనభై రెండు పాళ్ళు దాటలేదు. మిగతా పద్దెనిమిది పాళ్ళూ పిలవని చుట్టాల్లా వెంట వస్తూనే ఉన్నాయి. సంస్థలో ఏ గది ఎవరిదో తేల్చే కమిటీకి పెద్దమేడం అధ్యక్షురాలు. ఆవిడ పోయిన నెల వచ్చి, కళ్ళజోడు సవరించుకుని, తొంభై అయిదు చూపిస్తే గదీ ఉద్యోగమూ ఇంకో రెండేళ్ళు ఉంటాయని, లేకపోతే గది రంగుల విభాగానికి, నిదానమ్మ ఇంటికి అని చెప్పి వెళ్ళింది. గడువు ఈ రోజు పదకొండు గంటలు. నిదానమ్మ పాళ్ళన్నీ మళ్ళీ లెక్కగట్టి, మిగిలిన సరుకంతా ఒక్క సీసాలో పోసి, ఆఖరి ప్రయత్నంగా బల్ల మీద పెట్టింది. రెండో సీసా లేదు.

తొమ్మిదికి పది నిమిషాల ముందు ఆ సీసా ఎదుట సిరప్ బాబాయి నిలబడ్డాడు.

ఆయన ఆ ల్యాబులో సహాయకుడిగా చేరి నాలుగు రోజులే అయింది. అంతకుముందు ముప్పై ఏళ్ళు దగ్గుమందు ఫ్యాక్టరీలో చేశాడు. అక్కడ ఆయన పని సీసాలని దీపం ముందు పెట్టి చూడడం. మందు అడుగున పేరుకుందా, పైన తేట కట్టిందా, ఆ సీసా పనికిరానట్టే. దాన్ని పక్కకి తీసి, బాగా ఊపి, మళ్ళీ చూసి, కలిస్తే సరే, కలవకపోతే చెత్తబుట్ట. ముప్పై ఏళ్ళ తర్వాత కూడా పొరలు కట్టిన సీసా కనిపిస్తే ఆయన చెయ్యి దానంతటదే మూత మీదికి పోయేది. పెద్దమేడం వస్తుందని ఆ పొద్దున పెందలాడే వచ్చి, బల్లలన్నీ తుడిచి, కిటికీ తలుపులు తీశాడు. వెలుతురు సీసా మీద పడింది. పైన ఒక రంగు, కింద ఒక రంగు, మధ్యలో గీత గీసినట్టు.

అయ్యో పాపం, అమ్మాయి ఇంత కష్టపడితే ఈ రోజే విరిగిపోయిందే అని ఆయన ప్రాణం ఉసూరుమంది. మూత బిగించాడు. ఎడమ అరచేతిని అడుగున ఆనించాడు. తలకిందులుగా నలభై సార్లు, అడ్డంగా ఇరవై సార్లు, ఫ్యాక్టరీలో చేసినట్టే లోపం లేకుండా ఊపాడు.

నిదానమ్మ వచ్చేసరికి సీసాలో నాలుగు వేళ్ళ ఎత్తున నురగ, దాని కింద ఒకే రంగులో బూడిద నీళ్ళు. ఆవిడ కాసేపు చూసింది. చేతిసంచీ కింద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"విరిగిపోయిందమ్మా, నేను సరిచేసేశాను," అన్నాడు సిరప్ బాబాయి సంతోషంగా. "చూడండి, అడుగున ఒక్క చుక్క పేరుకోలేదు."

నిదానమ్మకి కేకలు వేయడం చేతకాదు. అది కూడా ఆవిడ నిదానంగానే చెయ్యాలి, అప్పటికి కోపం పోతుంది. ఆ విరగడమే తనకి కావలసిందని, దాని కోసమే పదిహేను గంటలు ఆగానని, రెండు గంటల్లో మేడం వస్తుందని మెల్లగా చెప్పింది. వింటూ ఉంటే సిరప్ బాబాయి ముఖంలో రక్తం ఒక్కొక్క చుక్కే దిగిపోయింది. ఆయన ఏప్రన్ విప్పి, నాలుగు మడతలు పెట్టి, బల్ల మీద ఉంచాడు. అరవై రెండేళ్ళ మనిషి ఏప్రన్ మడత పెడుతుంటే నిదానమ్మ చూడలేకపోయింది. ఊరుకోండి బాబాయ్‌గారూ, తెలిసి చేశారా ఏమన్నా అని, ఆ తర్వాత తన సంగతి గుర్తొచ్చి కళ్ళు తుడుచుకుంది.

పొరలు మళ్ళీ వాటంతటవి విడిపోవాలంటే సాయంత్రం దాకా పడుతుంది. గిరగిరా తిప్పే యంత్రంలో పెడితే పది నిమిషాల్లో విడిపోతాయి, నురగ కూడా చస్తుంది. ల్యాబులో ఆ యంత్రం ఉండేది. మరమ్మతుకి వెళ్ళి రెండు నెలలైంది, కుశలంగానే ఉన్నట్టు అప్పుడప్పుడూ కబురు వస్తోంది. అప్పుడు సిరప్ బాబాయి, మాట్లాడవచ్చో లేదో తెలియని గొంతుతో, ఎదురు రోడ్డులో రక్తపరీక్షల సెంటర్లో అలాంటిది ఒకటి తిరుగుతుంటే మొన్న చూశానన్నాడు. నిదానమ్మ సీసాని ఒళ్ళో పెట్టుకుని రోడ్డు దాటింది. దాటడానికి ఆవిడకి ఆరు నిమిషాలు పట్టింది, ఇంకా నురగ లేస్తుందేమోనని.

రక్తపరీక్షల సెంటర్‌ని నడిపేది సూదమ్మ. ఇరవై ఏళ్ళుగా ఆ వీధివాళ్ళందరి చేతులూ గుచ్చిన మనిషి. నొప్పి తెలియనివ్వదు, అందుకని ఆ పేరులో ఎవరికీ వెటకారం లేదు. సంగతి విని పాపం అనుకుంది, సరే అంది. కానీ ఆ సెంటర్లో ఒక నియమం ఉంది. పేరూ వయసూ లేని గొట్టం ఏ యంత్రంలోకీ వెళ్ళకూడదు. చీటీ లేకపోతే కంప్యూటర్ తాళం తియ్యదు.

"ఎవరో ఒకరి పేరు చెప్పక్కా, మా కంప్యూటర్లో ఉన్నవాళ్ళయితే ఇంకా తొందరగా అవుతుంది," అంది సూదమ్మ.

నెలనెలా చక్కెర పరీక్షకి అక్కడికి వచ్చేది మామగారు. నిదానమ్మ ఆయన పేరు చెప్పింది, వయసు డెబ్బై ఒకటి. తర్వాత ఏ పరీక్ష అన్న గడి దగ్గర కంప్యూటర్ మొండికేసింది. అసలు ఇందులో ఏముందని సూదమ్మ అడిగింది. నిదానమ్మ అబద్ధం చెప్పలేక నీళ్ళు, జిగురు, సబ్బు, పైత్యరసం ఉప్పు అని వరసగా చెప్పింది. చేస్తున్న మోసంలో కొంచెమైనా నిజాయితీ ఉండాలి కదా అనుకుని సూదమ్మ పైత్యరసం పరీక్ష ఎదురుగా టిక్కు పెట్టింది. సీసాలో ఉన్నదంతా నాలుగు రక్తపు గొట్టాల్లోకి పోసి, నాలుగింటికీ మామగారి చీటీలు అంటించి, యంత్రం తిప్పారు.

పది నిమిషాలయ్యాక మూత తీసి చూశారు. నురగ లేదు. కింద నల్లటి పొర. పైన, వంకాయ తొక్క మీద నిగనిగలాడే ఊదా. నాలుగేళ్ళలో అంత ఊదాని ఆవిడ ఎప్పుడూ చూడలేదు. టైము తొమ్మిదీ నలభై. ఇంకా బోలెడంత టైముందని, నాలుగు గొట్టాలనీ రెండు నిమిషాలు అలా చూస్తూ నిలబడింది. ఈ రెండు నిమిషాలే కొంప ముంచాయి.

సరిగ్గా అప్పుడే సూదంటే భయపడే ఆసామీ ఒకడు వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే గావుకేక పెట్టాడు. సూదమ్మ అటు తిరుగుతూ, చేతిలో ఉన్న గొట్టాల పెట్టెని రోజుకి వందసార్లు తోసే చోట్లోకే తోసేసింది. ఆ చోటు కొత్త పరీక్షల యంత్రానిది. అద్దం తలుపు మూసుకుంది, లోపల్నుంచి సన్నటి చెయ్యి ఒకటి దిగి, నాలుగు గొట్టాల్లోంచీ ఒక్కో చుక్క రుచి చూసింది. తర్వాత ఎర్రదీపం వెలిగింది.

మనిషి రక్తంలో ఉండాల్సిన దానికి నూట ఇరవై రెట్లు పైత్యం ఉందని యంత్రం తేల్చింది. తేల్చి ఊరుకోలేదు. ముద్ర వేసి రిపోర్టు అచ్చు కొట్టింది. దాన్ని రోగి ఇంటికి పంపింది. అంబులెన్సుకి కబురు పెట్టింది. గొట్టాలని ఎర్రటి పెట్టెలో పెట్టి సీలు వేసింది. పోయినేడాది ఎవరిదో ప్రమాదమైన రిపోర్టు తాలూకు గొట్టం పోతే, యజమాని ఏరికోరి ఇవన్నీ పెట్టించాడని సూదమ్మ ఏడుపు గొంతుతో చెప్పింది. ఇక ఆ పెట్టె ఆస్పత్రిలో తెరవాలి, లేదా రోగి స్వయంగా సంతకం పెట్టి తీసుకోవాలి. మూడో దారి లేదు.

నిదానమ్మ ఇంటికి ఫోన్ చేసింది. ఫోన్ తీరిక లేకుండా ఉంది. అత్తగారు అప్పటికే ఇద్దరు ఆడపడుచులకి కబురు చెప్పేసి మూడో ఆవిడతో మాట్లాడుతోంది.

మామగారు నలభై ఏళ్ళు దస్తావేజులు రాసిన మనిషి. అమ్మకాలు, పంపకాలు, దానాలు, వీలునామాలు, ఏవైనా సరే ఆయన రాస్తే ఇక కోర్టులో కూడా వేలు పెట్టే సందు ఉండదని పేరు. నోటిమాట గాలికి పోతుందని, ముద్ర పడిన కాగితం ఒక్కటే నిజమని ఆయన నమ్మకం. ఫోన్లోకి వచ్చిన రిపోర్టుని ఆయన వేలు పెట్టి వరస వరసా చదివాడు. తన పేరు ఉంది, వయసు ఉంది, నంబరు ఉంది, తేదీ, గంట, నిమిషం ఉన్నాయి, కింద గుండ్రటి ముద్ర ఉంది. ఈ నెల రక్తమే ఇవ్వలేదు కదండీ అని అత్తగారు అంది. ఇవ్వకపోతే రిపోర్టు ఎలా వస్తుందని ఆయన అడిగాడు.

"నోరు చేదుగా ఉందే," అన్నాడు మామగారు ఆలోచిస్తూ.

చక్కెర లేని కాఫీ తాగితే చేదుగా కాక ఎలా ఉంటుందని అత్తగారు అంది గానీ ఆయన వినిపించుకోలేదు. అంబులెన్సు వచ్చాక తలుపు దాకా తనే నడిచి వెళ్ళాడు. గుమ్మం దగ్గర ఆగి, ఇంత రిపోర్టు ఉన్నవాడు నడవకూడదేమో అని అనుమానం వచ్చి, అక్కణ్ణుంచి స్ట్రెచర్ మీద పడుకున్నాడు. అత్తగారు ఆయన కళ్ళజోడూ, కలమూ, ఒక దుప్పటీ సంచీలో పెట్టుకుని పక్కన ఎక్కింది. ఎక్కడికి వెళ్ళినా ఆయనకి కలం లేకపోతే తోచదు.

అంబులెన్సు ముందు సెంటర్ దగ్గర ఆగి ఎర్రపెట్టె ఎక్కించుకోవాలి. అది వీధి మలుపు తిరిగేసరికి పదీ ముప్పై అయిదు. వెనక తలుపు తెరుచుకోగానే నిదానమ్మకి స్ట్రెచర్ మీద మామగారి పాదాలు కనిపించాయి.

ఆవిడ ఉన్నదంతా చెప్పేసింది. అది మీది కాదు మామయ్యా, నాది, సబ్బునీళ్ళు, చీటీ మీద మీ పేరు నేనే పెట్టించాను, తప్పు నాదే అంది. పదకొండుకి అది చేతిలో లేకపోతే నా నాలుగేళ్ళూ పోతాయి అంటూ స్ట్రెచర్ అంచు పట్టుకుంది. అత్తగారు దేవుడా అని ఊపిరి వదిలి, దుప్పటి తీసి మళ్ళీ సంచీలో కుక్కింది. మామగారు మాత్రం లేవలేదు. అంబులెన్సులోని మగనర్సు ఇచ్చిన ఫారం చదువుతున్నాడు.

"ఇందులో ఏమని ఉందో చూశావా అమ్మా?" అన్నాడు. "రోగి తన సొంత నమూనాని స్వాధీనం చేసుకుంటున్నాడు అని ఉంది. నాది కాదంటున్నావు. నాది కానిదాన్ని నాదని ఎలా సంతకం పెట్టను?"

"అయితే మీదే అనుకోండి మామయ్యా."

"నాదే అయితే నేను ఆస్పత్రికి పోవాలిగా."

మగనర్సు తల ఊపాడు. సంతకం పెట్టి గొట్టాలు తీసుకున్నా, రిపోర్టు తనదేనని రోగి ఒప్పుకుంటే ఆస్పత్రిలో చూపించకుండా వదిలే వీల్లేదని అన్నాడు. తనది కాదంటే ఇంటికి పోవచ్చు. అప్పుడు పెట్టె ఒక్కటీ ఆస్పత్రికి పోతుంది, అక్కడ ఎప్పుడు తెరుస్తారో తను చెప్పలేడు. టైము పదీ నలభై రెండు. నిదానమ్మ అంబులెన్సు మెట్టు మీద కూలబడింది. ఇంత నిదానంగా బతికింది ఇందుకా అని మొదటిసారి ఆవిడకి తన మీద తనకే కోపం వచ్చింది.

అత్తగారు భర్త వైపు చూసింది. పెళ్ళయిన నలభై ఆరేళ్ళలో ఆవిడ ఆయన్ని ఏ కాగితం విషయంలోనూ తొందరపెట్టలేదు.

"ఏవండీ, ఊరందరికీ రాసిపెట్టారు," అంది. "మన పిల్లకి ఒకటి రాయలేరా?"

మామగారు భార్యని చూశాడు, మెట్టు మీద కోడల్ని చూశాడు. కళ్ళజోడు అడిగాడు, కలం అడిగాడు. ఫారాన్ని బోర్లా తిప్పి, మోకాలి మీద పెట్టుకుని, స్ట్రెచర్ మీదే బాసింపట్టు వేసుకుని రాయడం మొదలుపెట్టాడు. నిదానమ్మ తొందరగా మామయ్యా అంది. ఆ మాట తన నోట్లోంచి వచ్చిందని ఆవిడకే నమ్మకం కుదరలేదు. తొందరలో రాసిన దస్తావేజు ఏదీ నిలబడదని ఆయన తల ఎత్తకుండా జవాబు చెప్పాడు.

నా శరీరంలో పుట్టి పెరిగి, నేటివరకూ నా పూర్తి హక్కు భుక్తంలో ఉన్న పైత్యం, నాలుగు గాజు గొట్టాల పరిమాణం గలది, నా కోడలు నన్ను తండ్రిలా చూసుకుంటున్నందుకు ప్రేమతో, ఎవరి బలవంతమూ లేకుండా ఆమెకి దానంగా ఇచ్చి స్వాధీనపరచడమైనది అని రాశాడు. అక్కడితో ఆపితే ఆయన మామగారు కాడు. హద్దులు లేని దానం చెల్లదు. పైన రబ్బరు మూత, కింద గాజు అడుగు, చుట్టూ గాజు గోడ, నడుమ ఊదా పొరకీ నల్ల పొరకీ మధ్య ఉమ్మడి సరిహద్దు అని కోడల్ని అడిగి నాలుగు హద్దులూ రాశాడు. ఇకమీదట ఈ పైత్యంతో నాకు గానీ నా వారసులకి గానీ ఏ సంబంధమూ లేదని చేర్చాడు. సాక్షులుగా మగనర్సు, సూదమ్మ సంతకాలు పెట్టారు. అప్పుడు ఫారం తిరగేసి, నాదే అని తన సంతకం పెట్టి, మళ్ళీ వెల్లకిలా పడుకున్నాడు.

"ఇక పద బాబూ ఆస్పత్రికి," అన్నాడు.

నిదానమ్మ వంగి ఆయన పాదాలు పట్టుకుంది. నిజంగా ఏడ్చింది. ఆయన మాత్రం, ఎందుకమ్మా, ఉన్నది ఇచ్చాను అన్నాడు.

పదీ యాభై ఒకటి. పై పొర పీల్చడానికి గంటన్నర ఎక్కడ, తొమ్మిది నిమిషాలెక్కడ. మగనర్సు పెట్టె సీలు తెంచగానే సూదమ్మ గొట్టాలు లాక్కుంది. ఇరవై ఏళ్ళుగా రక్తం మీద తేట తీస్తున్న చెయ్యి అది. కింది పొర ఉలిక్కిపడకుండా నాలుగు గొట్టాల ఊదానీ ఒక శుభ్రమైన గొట్టంలోకి ఒక్క నిమిషంలో తీసి చేతిలో పెట్టింది. నిదానమ్మ దాన్ని పిడికిట్లో పట్టుకుని పరిగెత్తింది. ఆవిడ పరిగెత్తగా ఆ వీధి ఎప్పుడూ చూడలేదు. టీ కొట్టాయన చేతిలో గ్లాసు పక్కన పెట్టి మరీ చూశాడు.

ల్యాబులో పెద్దమేడం వచ్చి కూర్చుని ఉంది. సిరప్ బాబాయి తలుపు పక్కన, ఏప్రన్ లేకుండా, పిలిస్తే వెళ్ళిపోయే మనిషిలా నిలబడ్డాడు. నిదానమ్మ ఆయాసంతోనే కాంతి యంత్రంలో గొట్టం పెట్టి మీట నొక్కింది. తెర మీద గీత మెల్లగా సాగింది. మామూలుగా అయితే అది ఊరి చివర గుట్టల్లాగా ఎత్తుపల్లాలుగా నడిచేది, ఒక్కో గుట్ట ఒక్కో పనికిరాని రకం. ఈ రోజు నేల మట్టంగా వచ్చి, ఒక్క చోట మాత్రం నిటారుగా లేచి, దిగి, మళ్ళీ మట్టంగా పోయింది. కింద అంకె పడింది. తొంభై ఏడు.

పెద్దమేడం కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. ఇంకోసారి కొలవమంది. మళ్ళీ తొంభై ఏడే వచ్చింది.

"పోయిన నెల ఎనభై రెండు దగ్గర ఆగారు," అంది. "ఏం మార్చారు? పాళ్ళా?"

పాళ్ళు కొంచెమే మారాయని నిదానమ్మకి తెలుసు. మిగతా సంగతి ఏమిటో కూడా ఆ క్షణంలోనే తెలిసింది, తెలిశాక ఆవిడకి నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. సిరప్ బాబాయి వైపు చూసింది. ఆయన నేల చూపులు చూస్తున్నాడు. నేనే కుదిపించానని చెబితే చాలు, ఎవరికీ తెలియదు. నిదానమ్మ అబద్ధాలకి పనికొచ్చే మనిషి కాదు.

"నేను నాలుగేళ్ళూ నురగ వస్తుందని మెల్లగా వంచుతూ వచ్చానండి," అంది. "ఈ రోజు బాబాయ్‌గారు నాకు చెప్పకుండా గట్టిగా కుదిపేశారు."

పెద్దమేడం కుర్చీని నిదానమ్మ వైపు తిప్పుకుంది. తర్వాత మెల్లగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. రెండు పొరలూ పూర్తిగా కలిసిపోతేనే ప్రతి కార్బన్ గొట్టానికీ రెండు వాటాలూ చూసుకుని, తనకి ఏది కావాలో ఎంచుకునే వీలు దొరుకుతుంది. మెల్లగా వంచితే ఎక్కడ పుట్టినవి అక్కడే ఉండిపోతాయి. నురగదేముంది, తిప్పితే పోతుంది. నాలుగేళ్ళుగా అడ్డం పడింది సబ్బుల పాళ్ళు కావు, నిదానమ్మ పెట్టుకున్న ఒట్టు. ఇది విని నిదానమ్మ స్టూలు మీద కూర్చుంది. పొద్దుటి నుంచీ అది ఆవిడకి రెండోసారి.

పెద్దమేడం సిరప్ బాబాయి వైపు తిరిగింది. ఆయన అదిరిపడి, తప్పయిపోయిందమ్మా అనబోయాడు. ఆవిడ అడిగింది అది కాదు. ఎన్నిసార్లు ఊపారని అడిగింది. ఈ ప్రశ్నకి మాత్రం ఆయన తలెత్తి, తలకిందులుగా నలభై, అడ్డంగా ఇరవై, ఎడమ చెయ్యి అడుగున అని, ముప్పై ఏళ్ళలో ఎవరూ అడగని లెక్కని ఒక్క గుక్కలో చెప్పాడు. ఆవిడ అది పుస్తకంలో రాసుకుంది. రెండేళ్ళ కాగితం మీద అక్కడే సంతకం పెట్టి, ముద్ర కూడా వేసింది. నిదానమ్మ మడతపెట్టిన ఏప్రన్ విప్పి, మడతలు దులిపి, స్వయంగా బాబాయి చేతికి ఇచ్చింది.

సాయంత్రం నాలుగింటికి ఆ కాగితం పట్టుకుని ఆవిడ ఆస్పత్రికి వెళ్ళింది. మామగారు మంచం మీద దర్జాగా కూర్చుని ఉన్నాడు. అత్తగారు నారింజ తొనలు వలిచి పెడుతోంది. మామగారు కాగితం తీసుకుని, వేలు పెట్టి చదివి, ముద్ర మీద బొటనవేలితో రుద్ది చూసి, గట్టిదే అన్నాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. చూడు, మన పిల్ల రెండేళ్ళు నిలబెట్టుకుంది అని అత్తగారికి మూడుసార్లు చెప్పాడు.

అప్పుడే డాక్టరు కొత్త రిపోర్టుతో లోపలికొచ్చాడు. పొద్దున నూట ఇరవై రెట్లు, ఇప్పుడు మామూలు మనిషికి ఎంతో అంత, ఆరు గంటల్లో ఎక్కడికి పోయిందో తన చదువుకి అందడం లేదని ఒప్పుకున్నాడు.

మామగారు దిండు కిందినుంచి దానపత్రం నకలు తీసి డాక్టరుకి ఇచ్చి, హద్దుల దగ్గర్నుంచి చదవమన్నాడు.